గోడలో అరవై వాట్లు

ఆ శనివారం సాయంత్రం ఇంట్లో నాయనమ్మ ఉంది, అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అమ్మ తమ్ముడు శ్యాంబాబు మావయ్య ఉన్నాడు, నేనున్నాను. పెరటి గదిలో లోవలక్ష్మక్క ఉంది. ఆవిణ్ణి ఇంట్లో మనిషిగా లెక్కెయ్యాలో వద్దో నాకు తెలీదు. అద్దెకుంటోంది కాబట్టి నాయనమ్మకి బయటి మనిషే. కానీ కరెంటు సంగతి వచ్చేసరికి మాత్రం నాయనమ్మ అందరికంటే ముందు ఆవిణ్ణే లెక్కేసేది.

"మన కరెంటంతా ఆవిడే లాగేస్తోంది. మీరెవరూ నా మాట వినరు."

ఆ మాట నెలరోజులుగా వింటున్నాం. సాయంత్రమైతే చాలు, మా హాల్లో ఫ్యాను నీరసపడిపోతుంది. రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఫ్రిజ్ గుర్రుమని మొదలై, మనసు మార్చుకున్నట్టు ఆగిపోతుంది. అదే టైములో పెరటి గది కిటికీకి కట్టిన పాత చీర ముక్క మాత్రం లోపలి ఫ్యాను గాలికి తెగ ఎగురుతూ ఉంటుంది. ఒకే ఇల్లు, ఒకే మీటరు. మన ఫ్యాను నత్తలా నడుస్తుంటే ఆవిడ ఫ్యాను గిర్రున తిరగడమేంటని నాయనమ్మ రోజూ అడిగేది.

దానికి తోడు వాసన. లోవలక్ష్మక్క తెల్లారకుండా నరసాపురం వైపు వెళ్ళి చేపలు తెచ్చి, పాలకొల్లు మార్కెట్లోనూ మా ఊళ్ళోనూ అమ్ముతుంది. మిగిలినవి గదిలో పెట్టుకుంటుంది. మొదట్లో వాసన పెరటి దాకే ఉండేది. ఈ నెలలో హాల్లోకి కూడా వచ్చేసింది. కుళ్ళిన చేప వాసన, అదీ సాయంత్రం పూటే. అమ్మ అగరొత్తులు వెలిగించి చూసింది. అప్పుడు అగరొత్తుల మీద చేప వేయించినట్టుంది.

"పెద్ద ఫ్రిజ్ ఏదో తెచ్చి పెట్టుకుంది లోపల," అంది అమ్మ ఒకరోజు. "ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దించడం నేను చూశాను. గోనెసంచి కప్పేసి ఉంది."

నాకూ అనుమానం లేకపోలేదు. ఆవిడ తలుపు ఎప్పుడూ జానెడే తెరుస్తుంది. కూర గిన్నె ఇవ్వడానికెళ్తే ఆ జానెడులోంచే తీసుకుంటుంది. లోపలినుంచి జుమ్మని ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం గురించి డైరీలో రాసుకున్నాను కానీ ఎవరికీ చెప్పలేదు. నేను ఎవరికీ ఏదీ తొందరగా చెప్పలేను. లోవలక్ష్మక్క ఒక్కతే ఆ సంగతి పట్టించుకోదు. పెరట్లో చేపలు కడుగుతూ తన పాటికి తాను మాట్లాడుకుంటూ పోతుంది, నేను పక్కన కూర్చుని ఊఁ కొట్టకపోయినా ఏమీ అనుకోదు.

"రేపు చర్చిలో ఆరాధన అయ్యాక గది ఖాళీ చెయ్యమని చెప్పేస్తాను," అంది నాయనమ్మ ఆ సాయంత్రం.

నాన్న పేపరు దించాడు. నాన్న పేరు సామ్యేలు, సొసైటీలో గుమాస్తా. గొడవంటే భయం. "ఇంకెక్కడికి పోతుందమ్మా? చేపలావిడకి ఈ ఊళ్ళో ఎవరూ గది ఇవ్వలేదు. మళ్ళీ సముద్రం పక్క వాళ్ళ ఊరికే పోవాలి. అక్కణ్ణించి పొద్దున్నే పాలకొల్లు రావడానికి బస్సు కూడా లేదు. వ్యాపారం మానుకోవాల్సిందే."

"అది ఆవిడ చూసుకుంటుంది. దొంగ కరెంటని రేపు లైన్‌మాన్ వచ్చి పట్టుకుంటే నీ పేరే రాస్తాడు, ఆవిడ పేరు కాదు."

దాంతో నాన్న మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

మావయ్యని అందుకే పిలిపించింది నాయనమ్మ. శ్యాంబాబు మావయ్య రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళు చిలికి గాలి ఆడించే ఏరియేటర్ల మోటార్లు బాగుచేస్తాడు. మా హాలు లైను కూడా పోయిన క్రిస్మస్‌కి ఆయనే మార్చాడు. ఆయన సంచిలో ఒక మీటరు ఉంటుంది. పైన దవడలు తెరుచుకుంటాయి, మొసలి పిల్లలా. వైరు ఆ దవడల మధ్య పెడితే చాలు, తెంపక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు, అందులో ఎంత కరెంటు పారుతోందో చెప్పేస్తుంది.

"ఏమే మేనకోడలా, పదో తరగతి కదా. ఓమ్ గారి సూత్రం వచ్చా?"

తలూపాను.

"తల కాదే, నోరు. నోరు తెచ్చుకున్నావా, బడిలో మరిచిపోయొచ్చావా?"

"ఇంట్లో ఉన్నా అంతేరా అది," అంది అమ్మ. రేపటి ఆరాధనకి నాన్న చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"వి ఈక్వల్ టు ఐ ఆర్," అన్నాను.

సూత్రం మాత్రం నాకు బాగా వచ్చు. మా గణేష్‌బాబు మాస్టారు దాన్ని కాలవతో చెప్పారు. కాలవలో నీటి ఎత్తు వోల్టేజి. పారే నీళ్ళు కరెంటు. మధ్యలో అడ్డంపడ్డ గుర్రపుడెక్క నిరోధం. డెక్క పట్టినచోట చూడండర్రా, పైన నీళ్ళు ఎత్తుగా ఉంటాయి, కింద పల్లంగా ఉంటాయి. ఆ తేడాని పారే కరెంటుతో భాగిస్తే అడ్డు ఎంతో తెలుస్తుంది. గుణిస్తే అక్కడ ఎంత పవరు ఖర్చయిపోతోందో తెలుస్తుంది. శివారు రైతులు నీళ్ళు రాకపోతే ఎగువవాళ్ళు కోసేసుకున్నారని కర్రలు పట్టుకుని బయల్దేరతారు, సగంసార్లు దొంగ గుర్రపుడెక్కే, అన్నారాయన. అందరూ నవ్వారు. మా క్లాసులో సగంమంది శివారు పిల్లలే.

వరండాలో మీటరు బోర్డు ఉంది. అక్కణ్ణించి రెండు లైన్లు పోతాయి, ఒకటి హాల్లోకి, ఒకటి పెరటి గదికి. మావయ్య స్టూలెక్కి మూత తీసి, పెరటి గది వైర్లు ఇవతలికి లాగి పట్టుకున్నాడు. నేను మీటరు దవడలు తెరిచి పెట్టాను. నాయనమ్మ మా ఇద్దరి మధ్యలోంచి తల పెట్టి చూసింది.

సున్నా.

"సున్నా ఏంటి?" అంది నాయనమ్మ. "మీటరుకి కూడా ఏదో చేసిందా ఏంటి?"

మావయ్య స్టూలు కదిలిపోయేలా నవ్వాడు. "రెండు వైర్లూ కలిపి పట్టించింది అత్తయ్యగారూ. పోయేదీ వచ్చేదీ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క వైరే పెట్టవే పిచ్చిమొహమా."

ఒక్క వైరే పెట్టాను. అంకెలు కాసేపు కొట్టుకుని ఆగాయి. అర ఆంపియరు.

అర ఆంపియరంటే చాలా తక్కువ. ఒక ఫ్యాను, ఒక లైటు, మహా అయితే ఒక ఫోను ఛార్జరు. ఫ్రిజ్ తిరుగుతుంటే అంకె ఇలా ఉండదు. కరెంటు పొయ్యి అయితే దీనికి పదింతలుండాలి.

"ఎంతే?" అంది నాయనమ్మ.

"ఆవిడ గదికి కరెంటు వెళ్తోంది..." అన్నాను. "కానీ అర ఆంపియరే. అది లెక్కలోది కాదు."

రెండో సగం నాకు మాత్రమే వినబడింది. మొదటి సగం వినగానే నాయనమ్మ పెరట్లోకి నడవడం మొదలుపెట్టింది.

"విన్నావా సామ్యేలూ! వెళ్తోందంట! మీటరే చెప్పింది!"

మా ఇంట్లో కరెంటు అనేది ఒకటే మాట. లైటు ఆరితే కరెంటు పోయింది. షాక్ కొడితే కరెంటు కొట్టింది. ఫ్యాను నీరసపడితే కరెంటు తగ్గింది. మాస్టారి కరెంటు వేరు, నాయనమ్మ కరెంటు వేరు. తగ్గింది కరెంటు కాదు, వోల్టేజి అని చెప్పాలి. అది చెప్పాలంటే నాయనమ్మ కంటే వేగంగా నడవాలి, గట్టిగా మాట్లాడాలి. నేను మీటరు పట్టుకుని వెనకాల వెళ్ళాను, అంతే.

"ఏమ్మా లోవలక్ష్మీ! మా కరెంటు నీ గదికెళ్తోందంట కదా!"

తలుపు జానెడు తెరుచుకుంది. "ఎల్లకపోతే లైటెలా ఎలుగుద్ది మామ్మగారండీ? కిరసనాయిలు పొయ్యమంటారా?"

"ఎకసెక్కాలాడకు. మీటరు పెట్టి చూశాం. మా వినీలే చూసింది. చదువుకునే పిల్ల, అబద్ధమాడదు."

లోవలక్ష్మక్క నా వైపు చూసింది. నా చేతిలో మీటరు వైపు చూసింది. "ఏం చూశావమ్మా?"

నేను నోరు తెరిచేలోపు మావయ్య వెనకనుంచి, "లోడుందండీ," అన్నాడు. "లోపల ఏదో పెద్దదే పెట్టారు."

ఆయన అంకె చూడలేదనుకున్నాను. మీటరు ఆయన వైపు తిప్పాను. ఇందాక హోల్డు బటన్ నొక్కి ఉంచాను కాబట్టి అర ఆంపియరు ఇంకా దాని మీద నిలిచే ఉంది. మావయ్య చూశాడు. చూసి, నా చేతిలోంచి తీసుకుని, ఆఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నాకు మొదటిసారి ఆయన మీద అనుమానం వచ్చింది. ఈయనకి ఈ తప్పు పెరటి గదిలోనే దొరకాలని ఎందుకు?

లోవలక్ష్మక్క తలుపు బార్లా తీసేసింది.

"రండి మామ్మగారండీ, ఎతుక్కోండి. మంచం కింద కూడా చూడండి."

మంచం, పొయ్యి, రెండు బుట్టలు, గోడకి ఎండు చేపల దండ. మూల గోనెసంచి కప్పిన పెట్టె ఉంది. ఆవిడే సంచి లాగేసింది. తెల్లటి థర్మోకోల్ పెట్టె. మూత తీస్తే ఐసు, ఐసులో నాలుగు పండుగొప్ప చేపలు. వైరు లేదు, ప్లగ్గు లేదు. జుమ్మనే శబ్దం పైనుంచి వస్తోంది, ఫ్యాను నుంచి. అది మామూలు ఫ్యాను శబ్దమే. మా ఫ్యాను నెలరోజులుగా అంత జోరుగా తిరక్క ఆ శబ్దమే మరిచిపోయాం.

నాయనమ్మ ఐసులో వేలు పెట్టి చూసింది. "ఇవాళ లేదు. నిన్న ఉందేమో ఎవరికి తెలుసు?" అంది. "రేపు చెబుదామనుకున్నాను, ఇవాళే చెప్తున్నాను. ఇంకో గది చూసుకో."

"ఎక్కడ చూసుకోనండి? మీ ఊళ్ళో అడగని గుమ్మం లేదు. బుట్ట చూసి వద్దన్నోళ్ళే అందరూ."

"నాకు తెలీదు."

నాయనమ్మ వచ్చేసింది. మావయ్య వచ్చేశాడు. నేనూ వచ్చేశాను.

హాల్లో అమ్మ ఇస్త్రీ ఇంకా అవలేదు. ఫ్యాను నత్తలాగే ఉంది. వాసన బాగా ఎక్కువైంది. అప్పుడు నాకొకటి తోచింది. ఆ గదిలో నాలుగు చేపలున్నాయి, అవీ ఐసులో. అక్కడ నిలబడ్డప్పుడు నాకు ఎండు చేపల వాసన తప్ప ఇంకేం రాలేదు. కుళ్ళు వాసన అక్కడ లేదు, ఇక్కడుంది. పోయిన వారం ఆవిడ వాళ్ళ ఊళ్ళో జాతరకి పోయి రెండ్రోజులు లేదు. అప్పుడూ ఉంది.

"మావయ్యా, మన లైను కూడా కొలుద్దాం," అన్నాను.

"మనదెందుకే?"

"చూడరా, పిల్ల అడుగుతోంది కదా," అన్నాడు నాన్న పేపరు వెనకనుంచి.

హాలు లైను అయిదు ఆంపియర్లు చూపించింది. ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, టీవీ. అది సరిగ్గానే ఉంది. వోల్టేజి కూడా చూడమన్నాను. మావయ్య ఆ మీటరుకే ఉండే సూదుల్లాంటి రెండు కడ్డీలు తీసి బోర్డు దగ్గర ఆనించాడు. రెండు వందల ఆరు. సాయంత్రాలు మా ఊరికి అంతే వస్తుంది. తర్వాత హాల్లో ప్లగ్గు దగ్గర ఆనించాడు. నూట తొంభై నాలుగు.

"లైనులో కొంచెం పోతుందిలే," అన్నాడు మావయ్య కడ్డీల వైర్లు చుట్టేస్తూ.

పన్నెండు వోల్టులు పోతున్నాయి. వరండా నుంచి హాల్లోకి ఎంత దూరం? మంచి రాగి వైరయితే ఒకటో రెండో పోవాలి. కాలవ పైన రెండు వందల ఆరు, కింద నూట తొంభై నాలుగు. మధ్యలో ఎక్కడో డెక్క పట్టింది. పెరటి గది లైను బోర్డు దగ్గరే చీలిపోతుంది కాబట్టి దానికి ఆ అడ్డు తగలడం లేదు. అందుకే ఆవిడ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆవిడేమీ లాక్కోవడం లేదు. మన దగ్గరే పోతోంది.

అరచేతిలో వేలితో రాసుకున్నాను. పన్నెండుని అయిదుతో భాగిస్తే రెండు పాయింటు నాలుగు ఓములు. పన్నెండుని అయిదుతో గుణిస్తే అరవై.

అరవై వాట్లు. మా పాత గుండు బల్బు అరవై వాట్లే. వెలిగినంతసేపూ ముట్టుకుంటే చెయ్యి కాలేది. అంత వేడి ఇప్పుడు బోర్డుకీ ప్లగ్గుకీ మధ్య ఎక్కడో పుడుతోంది. ఆ మధ్యలో ఉన్నది గోడ. గోడలో బల్బు లేదు.

గోడ వెంట చెయ్యి ఆనిస్తూ నడిచాను. చల్లగా ఉంది. చల్లగా ఉంది. బైబిలు వాక్యం రాసిన చెక్క పటం దగ్గరికొచ్చేసరికి వెచ్చగా తగిలింది. పటం కింద సున్నం టీ రంగులోకి మారి ఉంది. చెమ్మ అనుకుంటూ వచ్చాం.

"అక్కడేం లేదే," అన్నాడు మావయ్య. "జాయింటు బాక్సు, అంతే."

నేనేం అడగలేదు. ఏముందని నేను అడగకుండానే ఆయన ఏం లేదన్నాడు.

నాన్నకి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. పేపరు పట్టుకున్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పటం పక్కన గోడకి ఆనించాను. నాన్న ముందు నా మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి విదిలించుకుని వెనక్కి తీశాడు.

"మెర్సీ, ఇస్త్రీ ప్లగ్గు పీకు," అన్నాడు. ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడగా వినలేదు. వరండాలోకి పరిగెత్తి మెయిన్ తీసేశాడు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

పటం దించారు. వెనక ప్లాస్టిక్ డబ్బా మూత వంకర తిరిగి, పూరీలా ఉబ్బి ఉంది. మావయ్య స్క్రూడ్రైవరుతో దాన్ని ఊడబెరికాడు. లోపల ఒక తెల్ల వైరు, ఒక ఎర్ర వైరు మెలేసి టేపు చుట్టి ఉన్నాయి. టేపు బొగ్గయిపోయింది. మూత తీయగానే వాసన గుప్పుమంది. నెలరోజులుగా మేం ముక్కు మూసుకుంటున్న వాసన.

"ఇది చేపల కంపే," అంది నాయనమ్మ.

"చేపల కంపే అత్తయ్యగారూ," అంది అమ్మ. "చేపే లేదు."

మావయ్య నేల చూపులు చూశాడు. "పాత లైను అల్యూమినియం. నేను వేసింది రాగి. ఆ రెంటికీ మధ్య కనెక్టరు పెట్టాలి. పండగ హడావిడిలో దొరక్క మెలేసి టేపు చుట్టేశా. తర్వాత మారుద్దామనుకున్నా బావా."

"తర్వాతంటే ఇల్లు తగలబడ్డాకా?"

"చెరువుల దగ్గర మోటారు పెట్టెలు కాలినా ఇలాంటి కంపే వస్తుంది," అన్నాడు, మాట మారుద్దామని.

"తెలిసి కూడా ఊరుకున్నావా?" అంది అమ్మ.

"అక్కడ ఎటూ రొయ్యల కంపే కదక్కా. ఏది ఏదో తెలిసి చావదు."

నాయనమ్మ కుర్చీలో కూలబడి "ప్రభువా" అనుకుంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని నన్ను పిలిచింది.

"వినీలా, వెళ్ళి చెప్పు. గది చూసుకోనక్కర్లేదని, ఉండమని చెప్పు."

నాయనమ్మ చెప్పాల్సిన మాట అది. అయినా వెళ్ళాను. మంచి కబురే కదా అనుకున్నాను. గట్టిగా చెప్పాలని దారిలో రెండుసార్లు అనుకున్నాను.

పెరటి గది తలుపు బార్లా తీసి ఉంది. మెయిన్ తీసెయ్యడంతో లోపల చీకటి. బయటి వెలుతురు లోపలికి పడేలా గుమ్మం దగ్గర కూర్చుని లోవలక్ష్మక్క ఎండు చేపల దండని సంచిలో కుక్కుతోంది. పరుపు చుట్టేసి ఉంది.

"అక్కా, నాయనమ్మ ఉండమంది," అన్నాను. "తప్పు మా గోడలోనే. మా మావయ్య వేసిన జాయింటు కాలిపోయింది. వాసన కూడా దాందే."

చెయ్యి ఆగలేదు. "అలాగా. మంచిదే. ఇల్లు కాలకుండా బయటపడ్డారు."

"నేనే లెక్కేసి కనిపెట్టాను."

ఎందుకన్నానో తెలీదు, అనేశాను. అప్పుడు తలెత్తింది.

"ఇందాక చేతిలో మీటరు పట్టుకుని నిలబడ్డావు కదా. అందులో నా గదికి ఎంతుంది?"

"అర ఆంపియరు."

"అంటే?"

"అంటే... ఒక ఫ్యాను, ఒక లైటు."

"ఉన్నయ్యి అయ్యే కదా. ఆ సంగతి నీకు అప్పుడే తెలుసన్నమాట. మీ నాయనమ్మ నా గదంతా ఎతుకుతున్నప్పుడు."

తలూపాను.

"ఏం చూశావమ్మా అని అడిగాను కూడా."

"చెప్పానక్కా... మెల్లగా చెప్పాను. ఎవరికీ వినపడలేదు."

ఆవిడ నన్ను కాసేపు చూసింది. కోపంగా లేదు. బేరమాడకుండా వెళ్ళిపోయే మనిషిని చూసినట్టు చూసింది. "నీకు మాటలు రావనుకునేదాన్నమ్మా," అంది. "రాకపోతే పర్లేదనుకునేదాన్ని."

"ఇప్పుడు నాయనమ్మే ఉండమంటోంది కదా."

"ఇవాళ గోడ అంది. రేపు ఫ్యాను మళ్ళీ తగ్గితే మళ్ళీ నేనే అంటది. ఇప్పుడందరూ మంచం కింద చూసేశారు కూడా." సంచి మూతి కట్టేసింది. "మా తమ్ముడు త్రిమూర్తులికి ఫోన్ చేశాను. ఆటో తెస్తన్నాడు. ఆడొచ్చేలోపు సర్దుకోవాలి."

"నేను కూడా సర్దనా అక్కా?"

లేచి నిలబడి తలుపు రెక్క పట్టుకుంది. రెక్క వేస్తే లోపల ఏమీ కనిపించదు, దీపం కూడా లేదు. అది చెబుదామని చెయ్యి గుమ్మానికి ఆనించాను.

"చెయ్యి తీసుకోమ్మా, నలుగుద్ది," అంది.

తీసుకున్నాను. తలుపు వేసేసింది.